తోటకూర మడి మీద నా దావా

ఫిబ్రవరి 13

రాయి. పైన తేదీ వెయ్యి. తేదీలు నీకు తెలుసు. నాకు తెలిసిందల్లా విత్తనం చల్లి ఇవాళ్టికి ఐదో రోజని.

ఇది ఎవరికీ చూపించడానికి కాదు. మా వదిన, అంటే మా ఆయన అక్క, ఇరవై ఐదో తారీఖున బస్సు దిగుతుంది. ఆవిడ ముందు నా పక్షం నేను చెప్పుకోవాలి. పోయినసారి ఆవిడ ముందు తగువు పెట్టుకున్నప్పుడు నాకు కోపం ముందొచ్చి మాట వెనకొచ్చింది. చెప్పాల్సిన ఏడు సంగతుల్లో రెండు చెప్పి, ఐదు మింగేసి, మిగతా సేపంతా అరిచాను. గెలవాల్సిన తగువు ఓడిపోయాను. ఈసారి అలా కాదు. రోజుకో సంగతి ఇందులో పెట్టిస్తాను. ముందు రోజు నువ్వు నాకు చదివి వినిపిస్తే బట్టీ పట్టేస్తాను. అక్షరం రాకపోతేనేం, చెవులున్నాయి.

రాసేది మా ముందు గదిలో అద్దెకుంటున్న టైలరమ్మ. కొలతల పుస్తకాన్ని వెనక నుంచి మొదలుపెట్టింది. ముందు నుంచి ఊళ్లో వాళ్ల నడుములు, వెనక నుంచి నా దావా. రెండూ కలుసుకునేలోపు ఇది తేలిపోవాలి. ఏమ్మా, నేనేం చెబితే అదే రాయి, నీ సొంతం కలపకు. నవ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. మా పెరడు పాతిక అడుగుల పొడుగు, పన్నెండు వెడల్పు. ఎడమ గోడ వారగా రేకుల షెడ్డు మా ఆయనది. మిగతా నేల నాది. బెండ, వంగ, టమాటా, గోడ మీదికి బీరపాదు. షెడ్డు కిటికీ కింద నుంచి వెనక గోడ దాకా ఒక పొడుగు మడి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఎండ పడే మడి ఈ పెరటి మొత్తానికి అదొక్కటే. తగువు ఆ మడి గురించి.

మా ఆయన ముప్పై రెండేళ్లు రైల్వే గేటు వేశాడు, తీశాడు. అంతే ఉద్యోగం. ఫోను మోగితే గేటు వెయ్యడం, రైలు పోయేదాకా పచ్చ జెండా పట్టుకుని నిలబడటం, ఆగిన వాళ్లందరి చేతా తిట్లు తినడం. "అన్ని రైళ్లూ నా ముందు నుంచి పోయాయి, ఒక్కటీ నా మాట వినలేదు" అనేవాడు. రిటైరయ్యాక తన మాట వినే రైలొకటి కట్టుకోవడం మొదలుపెట్టాడు. పిల్లలాడుకునే బొమ్మ కాదు. జానెడు ఇంజను, అట్టతో కట్టిన స్టేషను, పట్టాల కింద అగ్గిపుల్లలంత స్లీపరు చెక్కలు, గోరంత గేటు. షెడ్డంతా ఒకటే బల్ల, బల్లంతా పట్టాలు. సరే, షెడ్డు ఆయనది, లోపల విమానాశ్రయం కట్టుకున్నా నాకనవసరం. ఇప్పుడు షెడ్డు చాల్లేదట! రైలు కిటికీలోంచి బయటికొచ్చి, నా మడి చుట్టూ తిరిగి, మళ్లీ కిటికీలోంచి లోపలికి పోవాలట.

"రైలన్నాక ఎక్కడికో అక్కడికి పోవాలి కదే. గదిలోనే గుండ్రంగా తిరిగితే అది గానుగెద్దు" అన్నాడు.

"నా మడి మీద తిరిగితే అది ఆంబోతు" అన్నాను.

వదిన ఫోన్లో ఇద్దరి గోలా విని, ఇద్దర్నీ నోరు ముయ్యమని, ఒక మాట కట్టుబాటు చేసింది. ఇరవై ఐదున తనొచ్చి చూస్తుంది. ఆ పూటకి మడిలో పచ్చగా ఏదైనా కనిపిస్తే మడి నాది, ఆయన మళ్లీ ఆ ఊసెత్తకూడదు. బోసిగా ఉంటే ఆయన పట్టాలు వేసుకుంటాడు, నేను నోరెత్తకూడదు. ఇద్దరం సరేనన్నాం.

అనడానికి నాకేం భయం? నేను చల్లింది మా అమ్మ ఎర్ర తోటకూర. నాలుగో రోజుకల్లా ఎర్ర దారపు ముక్కలు చల్లినట్టు లేస్తుంది.

ఇవాళ ఐదో రోజు. లేవలేదు. చలిగా ఉంది కదా, అందుకు.

ఫిబ్రవరి 14

లేవలేదు.

ఫిబ్రవరి 15

నా కన్ను సంగతి రాయించలేదు. రాయి, వదిన అడుగుతుంది.

ఒకటో తారీఖున కుడి కంటికి శుక్లం తీశారు. డాక్టరమ్మ చెప్పినవి ఇవీ: వంగకూడదు, బరువెత్తకూడదు, చేతులెత్తి పైవి అందుకోకూడదు, కంట్లో నీళ్లు పడకూడదు, దుమ్ము పడకూడదు, ఏడవకూడదు. ఆ చివరిది నాకెందుకు చెప్పిందో. నేను ఏడ్చే మనిషినా? నల్లద్దాలు పెట్టించింది. ఎడమ కన్ను ఎప్పటి నుంచో మసక. ఇప్పుడు నాకు పగలు కూడా సాయంత్రంలా ఉంటుంది.

వంగకూడదంది గానీ కూర్చోకూడదనలేదుగా. పీట మీద కూర్చుని, మడి పొడుగునా పీట జరుపుకుంటూ చల్లాను. తోటకూర గింజ ఆవగింజ కన్నా చిన్నది. ఊరికే చల్లితే ఒకచోట గుంపు, ఒకచోట బట్టతల. అందుకని సన్న ఇసుక కలిపి చల్లుతాం. అది చేతి పని, కంటి పని కాదు. నలభై ఏడేళ్లుగా చల్లుతున్నాను.

ఆ విత్తనం మా అమ్మ గుడ్డలో మూట కట్టి ఇచ్చింది, నేను ఈ ఇంటికి వచ్చేటప్పుడు. బజారులో దొరికే ఎర్ర తోటకూర ఆకు ఎరుపు, కాడ పచ్చ. మా అమ్మది కాడ విరిస్తే లోపల కూడా ఎరుపే. వేళ్లకంటితే రెండు రోజులు పోదు. అమ్మ పోయింది, ఆ ఇల్లూ లేదు. అప్పట్లో నా దగ్గర గింజలు పట్టుకెళ్లిన ఇరుగుపొరుగు వాళ్లెవరూ దాన్ని నిలబెట్టుకోలేదు. పోయినేడు వానలకి నా వెన్నులు కూడా నల్లబడి రాలిపోయాయి. మిగిలింది ఒకే ఒక్క డబ్బా. అందులో సగం చల్లాను, సగం దాచాను. ఉన్న విత్తనమంతా ఒక్కసారే నేలపాలు చేసేది బుద్ధిలేనిది.

డబ్బా అంటే బూటు పాలిష్ డబ్బా. ముప్పై రెండేళ్లు రోజూ బూట్లు మెరిపించాడు మహానుభావుడు, ఎవరు చూస్తారనో. ఖాళీ డబ్బాలు ఇంటి నిండా ఉన్నాయి. నా గింజలూ వాటిలోనే, ఆయన మేకులూ వాటిలోనే. ఆయన ప్రతి దాని మీదా కాగితం అంటించి పేరు రాశాడు. నాకెందుకా రాతలు? ఒక్కసారి ఆడిస్తే తెలుస్తుంది. బెండ గలగలమంటుంది, బీర టకటకమంటుంది, మేకులు గణగణ, తోటకూర ఇసుక జారినట్టు సర్రుమంటుంది. ఆపైన ఏది ఎక్కడుంటుందో నా చేతికి తెలుసు. ఆపరేషనయ్యాక నేను చేతులెత్తకూడదని ఈయన అలమార పై అరలోని డబ్బాలన్నీ దింపి కింద వరసగా పేర్చాడు. నా చోట్లన్నీ చెదరగొట్టాడు. ఇది కూడా ఆయన నేరాల్లో రాయి.

ఏడో రోజు. లేవలేదు. ఎరువు పచ్చిదేమో. ఎరువు తోలినవాడు ఈసారి కనిపించనీ.

ఫిబ్రవరి 16

టైలరమ్మ అడుగుతుంది, "పెద్దమ్మా, ఆయన మీద అంత కోపమైతే మొన్నంతా షెడ్డులో ఏం చేస్తున్నావ్?" అని. తిన్నగా ఉండదు ఈ పిల్ల.

ఆయన కుడి చెయ్యి వణుకుతోంది. ఏడాదిగా. పట్టాల మధ్య కంకర పరవాలి, అసలు రైలు పట్టాల్లో ఉంటుందే, అలా. నల్లరాయిని దంచి, జల్లించి, నలకలంత చేసి డబ్బాలో పోసి పెట్టుకున్నాడు. చెంచాతో పట్టాల మధ్య పొయ్యాలి, కుంచెతో సర్దాలి, ఆ తర్వాత తెల్ల జిగురు నీళ్లలో కలిపి, నా కంటి మందు ఖాళీ సీసాతో చుక్క చుక్కా వెయ్యాలి. ఆయన చేస్తే సగం కంకర స్టేషను కప్పు మీద పడింది. చూస్తూ ఊరుకోలేకపోయాను. నారు నాటిన వేళ్లు నావి, కళ్లు మూసుకుని పరుస్తాను. ఆయన టీ పెట్టడానికి వెళ్లి వచ్చేసరికి, అలమార దగ్గర డబ్బా అందుకుని ఆడించి చూసి, స్టేషను ముందు నాలుగు వరసలూ పరిచి జిగురు కూడా వేసేశాను. డబ్బా మొత్తం గుమ్మరించాను. పిసినారి పని నాకు చేతకాదు.

"వరస భలే కుదిరిందే" అన్నాడు, వేలితో తడిమి.

ఇదంతా కొట్టెయ్యి. దావాకి దీనికి సంబంధం లేదు. కొట్టేశావా?

ఫిబ్రవరి 17

తొమ్మిదో రోజు. ఇంక ఆగలేకపోయాను. దాచిన రెండో సగం కూడా చల్లేశాను.

తెలుసు. మొన్న నా నోటితో నేనే అన్నాను బుద్ధిలేనిదని. రాయకపోతే నువ్వు మర్చిపోతావా?

ఫిబ్రవరి 18

షెడ్డుకి గొళ్లెం! లోపల నుంచి!

ఎనిమిదేళ్లలో ఆ తలుపు మూసి ఎరగడు. ఇవాళ నేను నీళ్లు పోస్తుంటే కిటికీకి అట్ట కూడా అడ్డం పెట్టాడు. తలుపు కొట్టాను.

"ఏం చేస్తున్నావయ్యా లోపల?"

"రిపేరు."

"దేనికి?"

"స్టేషన్‌కి."

"స్టేషన్‌కేమొచ్చింది రోగం?"

"నీకెందుకే, నీ మడి చూసుకో."

నా మడి చూసుకోవాలట. అంటే అర్థమైందా? మడి బోసిగా ఉందని ఎత్తిపొడుపు. లోపల కూర్చుని నా మడి మీద వెయ్యడానికి పట్టాలు కోసుకుంటున్నాడు. ఇంకా వారం గడువుంది, అప్పుడే! రాత్రి తినేటప్పుడు నా మొహం వంక చూడలేదు. తప్పు చేసినవాడి లక్షణం అది. అసలు నా మడిలో ఏదైనా పోశాడేమో. జిగురు నీళ్లు పోశాడేమో. ఇది పెద్ద అక్షరాలతో రాయి.

ఫిబ్రవరి 19

ఏమీ లేదు. టైలరమ్మ సన్న సూది కనబడటం లేదట, బట్టలు చూసుకునే భూతద్దం కూడా. నా మొహం చూడకుండా చెప్పింది ఈవిడ కూడా. ఈ ఇంట్లో అందరికీ ఏమొచ్చింది?

ఫిబ్రవరి 20

కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాం. బస్సులో ఆయన నా చెయ్యి పట్టుకుని ఎక్కించాడు, పట్టుకుని దించాడు, ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం న్యాయం. ఆయన మాట్లాడకపోవడం ఏంటి?

కన్ను బాగుందట. నల్లద్దాలు తీసెయ్యొచ్చంది. ఎదురు గోడ మీద బల్లి కనిపించింది, దాని వేళ్లు కనిపించాయి. బల్లికి వేళ్లుంటాయని మర్చేపోయాను.

ఫిబ్రవరి 21

రాయి.

కాదు, ఉండు.

సరే రాయి. పొద్దున్నే పీట పట్టుకుని మడి దగ్గరికి వెళ్లాను. కొత్త కన్ను కదా, నేలని దగ్గరగా చూద్దామని. పదమూడు రోజులు నేను పోసిన నీళ్లకి ఇసుక కిందికి దిగి, నల్లటివి పైకి తేలి మెరుస్తున్నాయి. నా గింజలే అనుకున్నాను. కుళ్లలేదు, పురుగు తినలేదు, అలాగే ఉన్నాయి, సంతోషించాను కూడా. ఒకటి తీసి గోటితో నొక్కాను. నొక్కు పడలేదు. పళ్ల మధ్య పెట్టి కొరికాను.

పంటి చివర విరిగింది.

రాయి. నల్లరాయి. గుండ్రంగా కూడా లేదు, మూడు మూలలున్నాయి. ఇంకోటి తీశాను, అదీ రాయే. పిడికెడు తీశాను. పదమూడు రోజులుగా నేను కంకరకి నీళ్లు పోస్తున్నాను. పోసి, లేవలేదేమని ఎరువు తోలినవాణ్ణి తిట్టాను, చలిని తిట్టాను, కట్టుకున్నవాణ్ణి తిట్టాను.

మరి నేను స్టేషను ముందు పరిచిందేంటి?

లేచి వెళ్లి షెడ్డు తలుపు భుజంతో తోశాను. ఆ గొళ్లెం ఆయన బిగించినదే, ఊడిపోయింది.

ఆయన బల్ల ముందు స్టూలు మీద వంగి కూర్చున్నాడు. ఒక కంటికి భూతద్దం. వణికే చేతిలో టైలరమ్మ సూది. రెండో చేత్తో ఆ చేతి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. స్టేషను ముందు నాలుగు వరసలూ ఈకలు పీకిన కోడిలా ఉన్నాయి. పక్కన పళ్లెంలో తడిగుడ్డ.

చేతిలో ఉన్న రాయి ఆయన ముందు పెట్టాను. "ఇది నా మడిలో మొలిచింది" అన్నాను.

ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. సూదితో ఒక నల్ల గింజ నెట్టి దాని పక్కన పెట్టాడు. దానికి వెంట్రుకంత ఎర్ర తోక, ఎండిపోయి ఉంది.

"ఇది నా స్టేషన్లో మొలిచింది" అన్నాడు.



"ఎప్పుడు తెలిసింది?"

"పదిహేడున. ఇంజను పట్టాలు తప్పింది. ఏమడ్డం వచ్చిందా అని చూస్తే కంకరకి తోకొచ్చింది. నలభై ఏడేళ్లు నీ పక్కన ఉన్నానే, ఆ ఎరుపు నాకు తెలీదా?"

"తెలిసి చెప్పలేదేం?"

"ఏడవకూడదంది డాక్టరమ్మ."

"నేనేడుస్తానా?"

"ఏమో. నాకు ఏడుపొచ్చింది మరి" అన్నాడు. తర్వాత సూది కింద పెట్టి, "కొన్ని మొలకెత్తి చచ్చాయి. మిగతావి జిగురులో గట్టిగా ఉన్నాయి. బతికున్నాయో లేదో తెలీదు. మొలిస్తే చెబుదామనుకున్నాను. మొలవకపోతే, డబ్బా నా చెయ్యి జారి మురుక్కాలవలో పడిందని చెబుదామనుకున్నాను. ఈ చెయ్యి చూస్తే ఎవరైనా నమ్ముతారుగా" అన్నాడు.

టైలరమ్మకి అంతా తెలుసట. సూది ఇచ్చింది తనే. నాలుగు రోజులు నా ముందు కూర్చుని, నేను ఆయన్ని తిట్టిన తిట్లన్నీ కుదురుగా రాసింది. నిన్ను తర్వాత చూస్తాను. ముందు ఇది రాయి: తప్పు ఆ డబ్బాలది. అన్నీ ఒకేలా ఉంటే మనిషేం చేస్తుంది?

ఫిబ్రవరి 21, సాయంత్రం

"గింజ గింజా ఏరితే ఎప్పటికవుతుంది? మొత్తం నానబెడితే జిగురు వదులుతుంది కదా" అన్నాను.

"బల్ల ఉబ్బుతుంది. పట్టాలు వంకరపోతాయి" అన్నాడు.

ఆ స్టేషను కట్టడానికి ఆయనకి ఎనిమిది నెలలు పట్టింది. ప్లాట్‌ఫారం మీద బెంచీలు, బెంచీ మీద నిద్రపోతున్న మనిషి, ఆ మనిషి పక్కన గొడుగు. నేను "వద్దులే" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట రావడం ఆయన ఎప్పుడూ వినలేదేమో, ఇంకోసారి అనమన్నాడు. అనలేదు.

నేను మొహం కడుక్కుని వచ్చేసరికి మరలు విప్పుతున్నాడు. స్టేషను ఉన్న పలకని బల్ల నుంచి ఊడదీసి, నేను బట్టలు నానబెట్టే పెద్ద తొట్టిలో, గోరువెచ్చటి నీళ్లలో దించాడు. బెంచీ మీది మనిషిని మాత్రం ముందే తీసి జేబులో వేసుకున్నాడు.

ఫిబ్రవరి 22

జిగురు పాలలా వదిలింది. గింజలు అడుగుకి దిగాయి, కాయితం ముక్కలు పైకి తేలాయి. గుడ్డలో వడకట్టి, మూడు నీళ్లు మార్చి కడిగాను. పిడికెడు. సగం తడిగుడ్డలో పరిచి, ఇంకో తడిగుడ్డ కప్పి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టాను. సగం ఆరబెట్టాను. ఇవి లేస్తే అవీ లేస్తాయి. ఇవి లేవకపోతే అవి కూడా ఇంజను కింద పోసుకోవడానికే.

డబ్బాల తప్పు అని రాయించానే, దాన్ని కొట్టెయ్యి. డబ్బాల మీద పేర్లున్నాయి. ఈయన రాశాడు. ఈ ఇంట్లో చదవగలిగినవాళ్లు ఇద్దరున్నారు. నేను అడగలేదు. ఒక్క మాట "ఇదేం డబ్బా?" అని అడగలేదు. డెబ్బై ఏళ్లుగా అడక్కుండానే తెలుసునన్న పొగరు.

కొట్టేశావుగా? ఇది మాత్రం వదినకి చదవొద్దు.

ఫిబ్రవరి 23

గుడ్డ తీసి చూశాను. లేవు.

మళ్లీ చూశాను. ఆయన కోప్పడ్డాడు, ఊరికే తీస్తుంటే చలి తగులుతుందని. నాకు చెబుతున్నాడు విత్తనం సంగతి.

ఫిబ్రవరి 24

లేవు. ఒక మూల బూజు పట్టింది, ఆ మూల కత్తిరించి పారేశాను.

పలక ఎండలో పెట్టాడు. అప్పడంలా ఉబ్బి వంకరపోయింది. పట్టాలు పాముల్లా మెలి తిరిగాయి. వాటిని ఊడదీసి తిన్నగా వంచుతూ కూర్చున్నాడు.

టైలరమ్మ అడిగింది, "రేపే కదా పెద్దమ్మా, దావా మొదటి నుంచి చదవనా?" అని. వద్దన్నాను.

ఫిబ్రవరి 25

వదిన పదిగంటల బస్సు దిగింది. కాళ్లు కడుక్కోకుండానే తిన్నగా పెరట్లోకి నడిచింది. మడి ముందు నిలబడింది. ఆవిడ వెనక మేమిద్దరం, బడిలో పిల్లల్లా.

"ఏమే మరదలా, ఇందులో ఏం పండించావ్? గాలా?"

నేను నోరు తెరిచేలోపు ఈయన ముందుకొచ్చాడు. "అక్కా, తప్పు నాది. డబ్బా నా చెయ్యి జారి..."

"అబద్ధం" అన్నాను. "చెయ్యీ జారలేదు, కాలూ జారలేదు. విత్తనం అనుకుని కంకర చల్లింది నేను. కంకర అనుకుని విత్తనం జిగురులో పోసింది నేను. పదమూడు రోజులు రాళ్లకి నీళ్లు పోశాను. ఈయన ఆ గింజల కోసం తన స్టేషనంతా ఊడబెరుక్కున్నాడు. ఇంతే."

ఏడు సంగతులు చెబుదామనుకున్నాను. ఇది ఒక్కటే వచ్చింది, అరవకుండా వచ్చింది.

వదిన నవ్వింది. ఆవిడ నవ్వితే గోడవతల వాళ్లు తొంగి చూస్తారు. నవ్వి నవ్వి, నా పీట లాక్కుని దాని మీద కూలబడింది.

"రాళ్లకి నీళ్లు! ఒరేయ్ తమ్ముడూ, లేచి ఉంటే కొండలు కోసుకు తినేవాళ్లు కదరా!"

"నవ్వింది చాలు, తీర్పు చెప్పు వదినా" అన్నాను.

"చెప్పేదేముంది? మాటంటే మాటే. మడి బోసిగా ఉంది. మడి తమ్ముడిది."

"సరే" అన్నాను. అన్నాను. టైలరమ్మ సాక్షి.

"నాకెందుకక్కా ఇప్పుడు మడి? రైలు బయల్దేరడానికి స్టేషనే లేదు" అన్నాడు ఈయన.

"అది మీరూ మీరూ చూసుకోండి. ఆ గింజలేవీ? చూపించండి నాకు."

పొయ్యి దగ్గరికి తీసుకెళ్లాను. చూపించడం నాకిష్టం లేదు. నిన్న లేనివి ఇవాళ ఎక్కడి నుంచొస్తాయి? వదిన తనే గుడ్డ ఎత్తింది, మొహం దగ్గరగా పెట్టుకుంది.

"ఏమీ లేవే. చచ్చాయివి."

"ఇలా ఇవ్వు."

పళ్లెం కిటికీ వెలుతురులోకి తిప్పాను. ముందు నల్లటి గింజలే కనిపించాయి. ఆ తర్వాత ఒకదాని పక్కన తెల్లటి దారం. దారం చివర ఎరుపు. దాని పక్కన ఇంకోటి.

"నాలుగు" అన్నాను. "ఆరు. ఉండండి, ఎవరూ మాట్లాడకండి. తొమ్మిది. పది, పదకొండు."

"ఏవే? నాకొక్కటీ కనబడదేం?" అంటుంది వదిన.

"నీకు శుక్లాలొచ్చాయి వదినా, వెళ్లి డాక్టరమ్మకి చూపించుకో."

ఈయన భూతద్దం తెచ్చి చూశాడు. చూసి, భూతద్దం నా చేతిలో పెట్టి, పెరట్లోకి వెళ్లిపోయాడు. ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

నా కంట్లో నీళ్లు కారాయని వదిన అందరికీ చెబుతోంది. చుక్కల మందు. పొద్దున వేసింది మిగిలి కారింది.

ఫిబ్రవరి 26

ముప్పై నాలుగు.

ఫిబ్రవరి 28

లెక్కపెట్టడం మానేశాను. ఆరబెట్టిన సగం ఒక డబ్బాలో పోసి, దాని మూత చుట్టూ ఎర్ర దారం చుట్టాను. పైన పేరు నువ్వే రాసిపెట్టు. రాశాక నాకు చూపించు, ఆ అక్షరాలు ఎలా ఉంటాయో చూస్తాను.

వదిన ఇవాళ వెళ్లింది. బస్సెక్కుతూ, "ఆ మడి సంగతి తేలిందా?" అంది. తేలడానికేముంది, మడి ఆయనది. ఆయనది కాబట్టి పొద్దున్నించి ఆయనే తవ్వుతున్నాడు. కంకరంతా జల్లెడ పట్టి వెనక్కి తీసుకున్నాడు. గోడ వారగా బెత్తెడు మేర పట్టాలకి, మిగతాదంతా మొలకలకి అని తాడు కట్టాడు. నేను నోరెత్తలేదు. కట్టుబాటు ప్రకారం ఎత్తకూడదు. తాడు మాత్రం ఇంకో రెండు వేళ్లు గోడ వైపు జరిపాను, ఆయన అటు తిరిగినప్పుడు.

మార్చి 3

మొలకలు మడిలో పెట్టాం. పీట నేను జరుపుకుంటూ, పళ్లెం ఆయన పట్టుకుంటూ. వేలితో గుంట, గుంటలో మొలక, ఎన్ని బతుకుతాయో తెలీక దగ్గర దగ్గరగా. ఆయన చెయ్యి వణికి పళ్లెం కదిలితే ఆగాను, మళ్లీ మొదలుపెట్టాను. తొందరేముంది.

మార్చి 12

రైలు మొదటిసారి బయటికొచ్చింది. కిటికీలోంచి తల పెట్టింది, ఆగింది, మళ్లీ కదిలింది. స్టేషను లేదు. ఇప్పటికి ఒక ఇటుక పెట్టి, దాని మీద ఆ బెంచీ మనిషిని కూర్చోబెట్టాడు. బండి పక్కగా పోతుంటే మొక్కలు కొంచెం ఊగాయి. విరగలేదు. దగ్గర కూర్చుని చూశాను, ఒక్కటీ విరగలేదు.

మొక్కలు వేలెడు లేచాయి, బాగా ఒత్తుగా ఉన్నాయి. పలచన చెయ్యాలి. నాలుగు వేళ్ల ఎడంలో ఒకటి ఉంచి, మధ్యలోవి పీకెయ్యాలి, లేకపోతే ఏదీ ఎదగదు. ఈ పని ఏటా గంటలో చేసేసేదాన్ని. పీట వేసుకుని కూర్చున్నాను. ఒకదాన్ని పట్టుకున్నాను. కాడ ఎర్రగా ఉంది, కింది దాకా. వదిలేశాను. పక్కదాన్ని పట్టుకున్నాను. అదీ అంతే.

ఆయన రైలాపి, "ఏమే, పీకడం లేదా?" అన్నాడు.

"మడి నీది. నువ్వు పీకు."

వచ్చి నా పక్కన గొంతుకూర్చున్నాడు. చెయ్యి చాపాడు. కాసేపు అలాగే ఉంచి వెనక్కి తీసుకున్నాడు.

"చెయ్యి వణుకుతోందే" అన్నాడు.

వణకలేదు. నేను చూశాను.

రేపు పీకుదాంలే అనుకున్నాం.